కిటికీ గదిలో మూడు వందల పన్నెండు

తప్పంతా ఆ కిటికీది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కథ అయ్యేసరికి మీరంతా మా ఆవిడ పక్షం చేరిపోతారు. మిమ్మల్ని నేనెరగనా!

మా ఇంట్లో పడమటి వైపు చిన్న గది ఒకటుంది. మధ్యాహ్నం మూడింటికి అందులో ఎండ నేల మీద పసుపచ్చగా పరుచుకుంటుంది. తెర ఊగీ ఊగనట్టు ఊగుతుంది. అక్కడ పది నిమిషాలు కూర్చుంటే చాలు, నేను ఓడకు కెప్టెన్నైపోయి రెండు సముద్రాలు దాటి వచ్చేస్తాను. కానీ ఆ కిటికీ దగ్గర మా ఆవిడ కుట్టుమిషను ఉంది. నా కడుపుమంట అదే.

ఆఫీసులో నన్ను ఫైళ్ల గది నుంచి డేటా విభాగానికి మార్చాలంటే ఓ పరీక్ష పాసవ్వాలన్నారు. కంప్యూటర్లో దాచిన పట్టికలను ప్రశ్నలడిగే భాష నేర్చుకోవాలట. నేర్పేవారికి మేం పెట్టుకున్న పేరు సెమికోలన్ మాస్టారు. ఆ భాషలో ప్రతి వాక్యం చివరా సెమికోలన్ ఉండాలి; ఆయన ఆవులించినా చివర సెమికోలన్ పెడతారు.

సాధనకని మా ఇంటినే పట్టికగా ఎక్కించాను. ఒక నిలువు వరుసలో పేరు, పక్క వరుసలో చోటు. చీపురు, తలుపు మూల. ఉప్పుడబ్బా, వంటింటి గట్టు. ఉత్సాహం పట్టలేక చివర్లో మమ్మల్ని కూడా చేర్చాను. భార్య, వంటిల్లు. భర్త, కిటికీ గది. అంటే ఆ గది అప్పటికింకా నాది కాలేదనుకోండి. మొత్తం మూడు వందల పన్నెండు.

"ఇలా రా, చూడు," అన్నాను మా ఆవిడతో. "సెలెక్ట్ అంటే ఏం కావాలో. ఫ్రమ్ అంటే ఏ పట్టికలోంచో. వేర్ అంటే ఏ షరతు మీదో. చోటు కావాలి, వస్తువుల్లోంచి, పేరు చీపురైతే. అంతే!"

"తలుపు మూల," అంది ఆవిడ, కంప్యూటర్ తెర వైపు చూడకుండానే.

"నువ్వెలా చెప్పావు?"

"పదకొండేళ్లుగా ఊడుస్తున్నా కాబట్టి."

నాకు ఒళ్లు మండింది. పందెం వేశాను. ఆదివారం సాయంత్రం దాకా ఇంట్లో పట్టిక చెప్పిందే ఖాయం; ఏదైనా కదిపితే నాకు చెప్పాలి, నేను పట్టికలో ఎక్కిస్తాను. ఎవరు ముందు దాన్ని కాదంటే వాళ్లు ఓడినట్టు. నేను గెలిస్తే కిటికీ గది నాది.

"ఈ ఇంట్లో నేను కాళ్లు చాపుకుని కూర్చునే చోటు అదొక్కటేనండీ," అంది ఆవిడ మెల్లగా. తర్వాత నా పట్టికలో 'భార్య, వంటిల్లు' అన్న వరుస మీద వేలు పెట్టి, "సరే, పందెం. నేను గెలిస్తే మనిద్దరి చోట్లూ నేను చెప్పినట్టే," అంది.

ఆదివారం వచ్చింది. పొద్దున్నంతా నాదే జోరు. పదకొండింటికి ఆవిడ నాకు చెప్పి తన కత్తెర మిషను మీదకు మార్చింది. ఆ ఒక్క వరుస సరిచేద్దామని కూర్చుని, మాస్టారు నేర్పినట్టు ముందు బిగిన్ కొట్టాను. అప్‌డేట్ వస్తువులు, సెట్ చోటు, కిటికీ గది... అని కొట్టానో లేదో, ఆ పేరుకే నాకు మైకం కమ్మింది. ఎండ, ఊగే తెర, నా ఓడ, దూరంగా ఏదో దీవి. దీవిలో లంగరు దించుతూ ఎంటర్ నొక్కేశాను.

మెలకువ వచ్చి చూస్తే కంప్యూటర్ తెర మీద ఒకే ముక్క. 312 వరుసలు మారాయి.

పేరు కత్తెరైతే అన్న షరతు రాయడం మరిచిపోయాను! ఇల్లు ఇల్లంతా కిటికీ గదిలో పడింది.

"ఏమండీ," మా ఆవిడ కేక. "వంట వేళైంది, పొయ్యి ఎక్కడుందో పట్టికని అడగండి."

అడిగాను. "కిటికీ గది," అన్నాను.

"మరి నేను?"

"కిటికీ గది."

"అలాగే." వెళ్లి కిటికీ దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుంది. "పొయ్యి కూడా ఇక్కడే ఉందన్నారుగా, వెతికిపెట్టండి. వండుతాను."

పన్నెండైంది. ఒంటిగంటైంది. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. వంటింట్లోకెళ్లి గిన్నె ముడితే పట్టికను కాదన్నట్టే. ఆవిడ కూనిరాగం తీస్తూ ఓ చొక్కాకి బొత్తాలు కుట్టుకుంటోంది. రెండింటికి నా మగతనం, పౌరుషం అన్నీ నీరుగారిపోయాయి.

"పట్టిక తప్పు! పొయ్యి వంటింట్లోనే ఉంది!" అని అరిచాను.

"ఓడారు," అంది ఆవిడ, దారం కొరుకుతూ.

అప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది. "గది పోతే పోయింది. రేపే పరీక్ష. ఈ పట్టిక మాస్టారికి చూపించాలి. మూడు వందల పన్నెండు మళ్లీ ఎప్పుడు రాయను?"

"మళ్లీ రాయడం ఎందుకు? బిగిన్ అని కొట్టే మొదలుపెట్టారుగా. కమిట్ కొట్టారా?"

"లే... లేదు."

"మరింకేం, రోల్‌బ్యాక్ కొట్టండి, అన్నీ పాత చోటికి వెళ్లిపోతాయి. కమిట్ కొట్టేదాకా ఏదీ ఖాయం కాదుగా. ఏడో పాఠం."

కొట్టాను. చీపురు తలుపు మూలకి, ఉప్పుడబ్బా గట్టు మీదకి బుద్ధిగా వెళ్లిపోయాయి. నేను నోరు వెళ్లబెట్టాను. "నీకెలా తెలుసు?"

"పది రోజులుగా మీరు పాఠాలు బయటికే చదువుతున్నారు. ఏడో పాఠం దగ్గర మీరు నిద్రపోయేవారు, నేను మిషను ఆపి మిగతాది చదువుకునేదాన్ని." కుర్చీ నా పక్కకు లాక్కుంది. "ఇప్పుడు మళ్లీ బిగిన్ కొట్టి రెండు వరుసలు మార్చండి. షరతు మాత్రం మరవకండి."

ఆవిడ చెబుతుంటే నేను కొట్టాను. చోటు కిటికీ గది, పేరు భార్య అయితే. ఒక వరుస మారింది. చోటు వంటిల్లు, పేరు భర్త అయితే. ఒక వరుస మారింది.

"ఇప్పుడు కమిట్ కొట్టండి," అంది.

కొట్టాను. పరీక్ష కూడా పాసయ్యాననుకోండి. ఇది జరిగి ఏడాదైంది. గిన్నెలు తోమేచోట కూడా ఓ కిటికీ ఉంది, జానెడు. పక్క గదిలో మిషను చప్పుడు వినిపిస్తుంటే ఓడ అక్కణ్ణించీ బాగానే నడుస్తోంది.