ఇంట్లో ఎవరూ లేరు

ఆ రోజు ఉదయం కొత్త కోడలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనానికి అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తారు. బెల్లు మోగుతుంది. తను ఎదురెళ్లి, తలుపు ముట్టుకోకుండా, "తలుపు తెరువు" అంటుంది. తలుపు తెరుచుకుంటుంది. కర్టెన్లు పక్కకి జరుగుతాయి. ఫ్యాను తిరుగుతుంది. నేల తుడిచే మిషను పెద్దవాళ్లకి దారిచ్చి మూలకెళ్లి నిలబడుతుంది. అప్పుడు అత్తయ్యగారి నోట "బాగుందమ్మా" అనే మాట రావాలి. అంతే.

ఆ మాట రప్పించడం అంత తేలిక కాదని ఆమెకు తెలుసు. అత్తయ్యగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి. ఒకప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆమె చేతి మీదుగా లైను కలవాల్సిందే. తర్వాత ఆ పని చేసే మిషను వచ్చింది, ఆమెను బిల్లుల సెక్షన్లో కూర్చోబెట్టారు. అప్పటి నుంచీ మిషన్లకూ ఆమెకూ మాటల్లేవు. పెళ్లి పందిట్లోనే, "మావాడి ఇంట్లో అన్నీ వాటంతటవే అవుతాయట కదా! మరి నువ్వేం చేస్తావమ్మా?" అని నలుగురి ముందూ అడిగేశారు. కోడలు నవ్వి ఊరుకుంది గానీ, ఆ ప్రశ్న చెప్పులో దూరిన రాయిలా అడుగడుక్కీ గుచ్చుకుంటూనే ఉంది. ఇవాళ దానికి జవాబు చెప్పాలి.

ఆ ఇల్లంటే ఆమెకు మహా గర్వం. లిఫ్టుల కంపెనీలో ఇంజనీరైన భర్త సెలవు రోజుల్లో ఒక్కో వైరూ తనే లాగి, ఒక్కో బల్బుకీ తనే బుద్ధి నేర్పి తయారుచేసిన ఇల్లది. అన్నిటికన్నా గొప్ప ఏర్పాటు దొంగల కోసం. ఇద్దరి ఫోన్లూ గడప దాటితే ఇంట్లో ఎవరూ లేరని ఇంటికి అర్థమవుతుంది. దీపాలార్పి, కర్టెన్లు మూసి, పొయ్యి కట్టేసి, తలుపు పైనున్న అయస్కాంతంతో గట్టిగా బిగించుకుంటుంది. ఆపైన లోపల ఎవరైనా కదిలితే ఇంజనీరు గొంతు గర్జిస్తుంది. ఆ గర్జనలకు మాటలు రాసింది ఆమే. రికార్డు చేస్తున్నప్పుడు పక్కన కూర్చుని, "ఇంకొంచెం కోపంగా చెప్పు" అని మళ్లీ మళ్లీ చెప్పించింది కూడా ఆమే.

ఇంతకీ జరిగిన పొరపాటు కొత్తగా పెళ్లైనవాళ్లు మాత్రమే చేయగలిగినది. ఇద్దరికీ ఒకే రకం ఫోన్లు, ఒకే రంగు కవర్లు, తెర మీద ఒకే పెళ్లి ఫోటో. ఇంజనీరు రోజూ ఫోను మర్చిపోతాడని, ఆ ఉదయం ఆమె ప్రేమగా అతని ఫోను తీసి లంచ్ బ్యాగులో పెట్టింది. ఇంజనీరు బూట్లు వేసుకుంటూ బల్ల మీద పెళ్లి ఫోటో చూసి, ముచ్చటపడి, తనదే అనుకుని, ఆ ఫోనును జేబులో వేసుకున్నాడు. నవ్వుకుంటూ లిఫ్టు దిగాడు.

ఇంట్లో చీకటి పడింది.

"కరెంటు పోయిందా?" అనుకుంటూ ఆమె వంటింట్లోంచి రెండడుగులు వేసింది.

"ఎవరు నువ్వు? నా ఇంట్లో నీకేం పని?" అన్నాడు మొగుడు, గోడలోంచి.

ఆమె ఫోను కోసం చీకట్లో బల్ల తడిమింది. "కదిలావంటే కాళ్లు విరగ్గొడతా!" ఫోను లేదు. సంగతి బోధపడింది. "తలుపు తెరువు" అంది. ఎవరూ లేని ఇంట్లో ఎవరి మాటైనా ఎందుకు వినాలి? తలుపు వినలేదు. పొయ్యి మీద కూర సగం ఉడికి ఆగిపోయింది. నేల తుడిచే మిషను మాత్రం ఇల్లు ఖాళీ అయిందని హుషారుగా బయల్దేరి ఆమె కాళ్ల మధ్య తుడవసాగింది. కదిలితే తిట్లు, కదలకపోతే తుడుపు. గోడకు వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడింది.

ఇక రావాల్సినవాళ్లు ఇంకో గంటకి రావచ్చు కదా? రారు. అత్తయ్యగారు కోడలికి వంటలో సాయం చేద్దామని ముందే వచ్చేశారు. బెల్లు మోగింది. ఆమె ఉలిక్కిపడింది. ఉలికిపాటు కూడా కదలికే.

"బయటికి నడు! మళ్లీ ఈ గడప తొక్కావంటే ఊరుకోను!"

తలుపవతల అత్తయ్యగారి చేతిలో పండ్ల సంచి జారిపోయింది. "ఏమండీ, విన్నారా? మనవాడు పిల్లని బయటికి గెంటేస్తున్నాడు!"

"నీ కొడుక్కి ఇంత గొంతుందని నాకు ఇవాళే తెలిసింది" అన్నారు మామయ్యగారు, బత్తాయిలు ఏరుకుంటూ.

"కదిలావంటే కాళ్లు విరగ్గొడతా!" అంది లోపల గోడ.

"ఒరేయ్! తలుపు తియ్యరా! ఎవరి కాళ్లురా నువ్వు విరగ్గొట్టేది?"

"అత్తయ్యా, అది ఆయన కాదండీ, మిషనండీ!" అని కోడలు అరిచింది.

"పాపం, ఇంత జరుగుతున్నా మొగుణ్ణి ఎలా వెనకేసుకొస్తోందో చూడండి!"

"పోలీసులకు ఫోన్ చేశాను, వస్తున్నారు!" అని గోడ గద్దించింది.

"రానీరా, రానీ! నిన్నే పట్టిస్తాను!"

ఈ గోలకి ఎదురింటి టైలరమ్మ మెడలో టేపుతోనే బయటికొచ్చింది. "ఎంత నెమ్మదస్తుడండీ ఆ అబ్బాయి! నిన్నటికి నిన్న నా కుట్టుమిషను బాగుచేసి పెట్టాడు."

"పైకి అలాగే కనిపిస్తాడు. వాళ్ల నాన్న పోలిక."

"మధ్యలో నేనేం చేశానే?" అన్నారు మామయ్యగారు.

అత్తయ్యగారు కొడుక్కి ఫోను కలిపారు. ఆఫీసులో ఇంజనీరు లంచ్ బ్యాగులో మోగుతున్న ఫోను తీసి, తీరిగ్గా, "వచ్చేశారా అమ్మా? లోపలికెళ్లి కూర్చోండి. నేను ఆఫీసులో ఉన్నాను" అన్నాడు.

"అబద్ధాలు కూడా మొదలెట్టావూ? నీ గొంతు లోపల్నుంచి వినిపిస్తోందిరా!"

లైనులో జేబు తడుముకున్న చప్పుడు. "అయ్యో, రెండూ నా దగ్గరే ఉన్నాయి! అమ్మా, ఇల్లు దాన్ని దొంగ అనుకుంటోంది."

"ఏమిటీ? నీ పెళ్లాం నీ ఇంట్లో దొంగా? ముందు తలుపు తియ్యి."

"దొంగ లోపలుంటే ఫోనులోంచి తెరుచుకోదమ్మా. నేనే అలా పెట్టాను. దొంగ నా ఫోను లాక్కుంటే కష్టం కదా!"

"ఇంట్లో ఉన్న దొంగ ఆఫీసులో ఉన్న నీ ఫోనెలా లాక్కుంటాడ్రా?"

"వచ్చేస్తున్నాను" అని ఇంజనీరు ఫోను పెట్టేశాడు.

అత్తయ్యగారు తలుపుకి చెంప ఆనించి, గొంతు తగ్గించి, "అమ్మాయ్, భయపడకు తల్లీ. నేనున్నాను. వాడు యంత్రమైనా మనిషైనా సరే, నిన్నొక్క మాట అననివ్వను" అన్నారు.

చీకట్లో నిలబడ్డ కోడలికి కళ్లు చెమ్మగిల్లాయి. నిజం చెప్పాలంటే, ఆ మాటలు ఇంకాసేపు వినాలనిపించింది. తిట్టించుకోవడంలో ఇంత సుఖముంటుందని తెలిస్తే ముందే ఫోను పోగొట్టుకునేది. కానీ కాలేజీ ల్యాబులో రోజూ పిల్లలకు అయస్కాంతాలు చూపించి పాఠం చెప్పే మనిషి తను. కరెంటు ఉన్నంతసేపే ఆ తలుపు పైనున్నది అయస్కాంతం, ఆగితే ఉత్త ఇనుప ముక్క. మెయిన్ స్విచ్చు హాలు అవతల, తలుపు పక్కనే ఉంది.

"నువ్వు అరుచుకో, నేనొస్తున్నా" అని గోడలోని మొగుడి గొంతుకి చెప్పి, కొంగు బిగించి నడిచింది. గోడ కాళ్లు విరగ్గొడతానంది, పోలీసులొస్తున్నారంది, మళ్లీ మొదటికొచ్చి ఎవరు నువ్వంది. "నీ పెళ్లాన్ని!" అంటూ ఆమె స్విచ్చు కిందికి లాగింది.

అరుపు మాట మధ్యలో తెగిపోయింది. తలుపు పట్టు వదిలింది. దాని మీద భారమంతా మోపి ఉన్న అత్తయ్యగారు నేరుగా కోడలి చేతుల్లో వచ్చి పడ్డారు. వెనకాలే టైలరమ్మా, బత్తాయిలతో మామయ్యగారూ. అత్తయ్యగారు కోడలిని నిలువునా తడిమి చూసుకుని, మంచం కిందా బీరువా వెనకా కొడుకు లేడని రూఢి చేసుకున్నాక గానీ కూర్చోలేదు.

కొడుకు కాసేపటికి రెండు ఫోన్లూ రెండు చేతుల్లో పట్టుకుని, రొప్పుతూ వచ్చాడు.

"ముందు అమ్మాయికి సారీ చెప్పు."

"సారీ."

"ఇంకొంచెం మెత్తగా చెప్పు" అంది భార్య, నవ్వాపుకుంటూ.

అతను తల దించుకుని, "అన్నీ పీకేస్తాను" అన్నాడు. ఎంత ఇష్టపడి చేశాడో ఆ ముఖం చూస్తే తెలుస్తోంది.

"అన్నీ ఎందుకురా? బట్టలుతికేదాన్ని పీకితే నువ్వుతుకుతావా?" అని గసిరింది తల్లి. తర్వాత గొంతు తగ్గించి, "మా ఎక్స్ఛేంజిలో మిషను వచ్చాక లైన్లు గబగబా కలిసేవి, కాదనను. కానీ ఎవరైనా ఏడుస్తూ ఫోను చేస్తే నేను ముందు ఆ లైను కలిపేదాన్ని. దానికి ఏడుపు తెలియదు" అంది.

కోడలు మొగుడి పక్కన కూర్చుంది. "ఉతకడం, ఊడవడం, వాటి పని. ఆ దొంగ గొంతూ ఉండనీ, ఊరెళ్లినప్పుడు మన చేత్తో పెట్టి వెళ్దాం. ఇంట్లో ఎవరున్నారు, ఎవర్ని రానివ్వాలి అన్నది మాత్రం మన పని. ఈ తలుపుకి తాళంచెవి చేయించు."

ఇంజనీరు ముఖం విప్పారింది. "గడియ కూడా పెడతాను" అన్నాడు.

స్విచ్చు పైకి లేపి, మిగతా కూర అత్తాకోడళ్లు కలిసి వండారు. ఇల్లంతా ఆన్ చేసి చూపించి మెప్పు పొందాలనుకున్న పిల్ల ఆఫ్ చేసి పొందింది. భోజనాలవగానే అత్తయ్యగారు బంధువులకు వరసగా ఫోన్లు చేయడం మొదలెట్టారు. "మా కోడలు ఒంటిచేత్తో ఇల్లంతా ఆపేసిందనుకో!" అని మొదటి ఫోనులో. తర్వాతి ఫోనులో చీకటి ఇంకాస్త చిక్కబడింది. పెద్దాడపడుచు దగ్గరికొచ్చేసరికి ఇంట్లో దొంగ నిజంగానే ఉన్నాడు, కోడలు వాణ్ణి నోరెత్తకుండా చేసి తలుపు తీసింది. పక్క గదిలో కోడలు దిండులో ముఖం దాచుకుని నవ్వుతూనే పొంగిపోయింది.

"ఇంతకీ ఆ దొంగ ఎలా ఉంటాడు వదినా?" అని అవతల్నుంచి అడిగితే మాత్రం, అత్తయ్యగారు కొడుకు వైపొకసారి చూసి మాట మార్చేశారు.