అమ్మవారికి టైమ్‌టేబుల్

అంటురోగానికి మందు, మంచం, విశ్రాంతి... ఇవన్నీ పాతకాలపు మాటలు. పాఠకులారా, ఈ రోజుల్లో రోగాన్ని అదుపులో పెట్టగలిగేది గణితం ఒక్కటే! నమ్మకం లేకపోతే కోవిల్‌పట్టి శివార్లలోని తంగసామి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్లి, పెట్టెలు నింపే మారీశ్వరిని అడగండి. గణితం దయ ఎలాంటిదో ఆమెకు ఒళ్లంతా తెలుసు.

ఫ్యాక్టరీ యజమాని తంగసామి భక్తుడు, పైగా ఆధునికుడు. ఈ రెండూ ఒకే మనిషిలో కలిస్తే పనివాళ్లకు ఎంత అదృష్టం! ఎండలు ముదరగానే, చుట్టుపక్కల అమ్మవారు పోస్తోందని విని, విరుదునగర్ నుంచి బాలచందర్ అనే లెక్కల ఎమ్మెస్సీని పిలిపించాడు. బాలచందర్ తెరమీద గీత గీసి చూపించాడు. ఒకరికి పోస్తే రెండు వారాల్లో ముగ్గురికి, ఇంకో రెండు వారాల్లో తొమ్మిదిమందికి! గీత కొండలా లేచింది. దాని కింద ‘కేసులు’ అని ఉండటం తంగసామికి నచ్చలేదు. అమ్మవారి మీద కేసేమిటి? ‘దర్శనాలు’ అని మార్పించాడు.

గీత ప్రకారమే లీవులు. మొదట ఒకటి, తర్వాత మూడు, తర్వాత తొమ్మిది. అమ్మవారు ఎవరికి ఎప్పుడు పోయాలో సీనియారిటీని బట్టి పేర్లు రాసి గోడకు అంటించారు. ఇంత క్రమశిక్షణ ఏ దేశంలో ఉంది చెప్పండి!

మొదటి లీవు సూపర్‌వైజర్ మునియప్పన్‌ది. ఒంటిమీద ఒక్క పొక్కు లేకపోయినా, చేతికొచ్చిన లీవు వదులుకోవడం ఇష్టంలేక అరుప్పుకోట్టైలో చెవులు కుట్టే విందుకు వెళ్లిపోయాడు.

మర్నాడే మారీశ్వరికి అమ్మవారు పోసింది. ఇంటి గుమ్మానికి వేపాకు కట్టారు. వేపాకు కట్టిన ఇంట్లోవాళ్లు గడప దాటరు, బయటివాళ్లు లోపలికి రారు. తాతలనాటి కట్టుబాటు అది. కానీ చెప్పకుండా మానేస్తే పని పోతుంది కదా! వచ్చి గేటు బయట దూరంగా నిలబడి యజమానిని పిలిచింది.

“మొదలాళీ, నాకు అమ్మ వచ్చిండాది. పది దినాలు లీవు ఇయ్యండి. నా పక్కన కూర్చునే శివరంజని ఏడు నెలల కడుపుతో ఉండాది. దానికి అంటుకుంటే ఏంగాను?”

తంగసామి గోడ వైపు చూశాడు. “నీ వంతు అయిదో వారం కదమ్మా! ఇప్పుడే ఎట్ల వచ్చిండాది?”

“అమ్మకు చదువు రాదు మొదలాళీ. పట్టిక చూసుకోలేదు.”

తంగసామి మనసు కరిగింది. కట్టుబాటు తప్పించడం మహాపాపం. అందుకని ఫ్యాక్టరీ గేటుకే వేపకొమ్మ కట్టించాడు! ఇక ఫ్యాక్టరీయే అమ్మవారి ఇల్లని మారీశ్వరిని లోపలికి రప్పించాడు. లోపలివాళ్లు గడప దాటకూడదు గనుక రెండో షిఫ్టు కూడా వాళ్లచేతే చేయించాడు. భక్తికీ ఉత్పత్తికీ ఇంత చక్కగా ముడిపెట్టినవాళ్లు ఇంకెవరున్నారు?

మారీశ్వరి జ్వరంతోనే బల్ల చివరికి జరిగి కూర్చుంది. “చోటు మారితే లెక్క తప్పుతుందమ్మా” అని బాలచందర్ ఆమెను మర్యాదగా మళ్లీ శివరంజని పక్కనే కూర్చోబెట్టాడు.

రెండు వారాలకు ముగ్గురికి పోసింది. వాళ్లలో శివరంజని ఒకతె. ఆమెను పెద్దాసుపత్రిలో చేర్చారు. బిడ్డ సంగతి డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పడం లేదు. తర్వాత సరిగ్గా తొమ్మిదిమంది! అయిదో వారంలో పొక్కులన్నీ మానిపోయాక మారీశ్వరికి లీవు మంజూరైంది. ఆ పది రోజులూ ఆమె ఆసుపత్రి వరండాలో ఏడుస్తూ కూర్చుంది.

గీతమీద ఒక్క చుక్క కూడా పక్కకు జరగలేదని తంగసామి సభ పెట్టి బాలచందర్‌కు శాలువా కప్పాడు. చప్పట్లు ఆగాక మారీశ్వరి లేచింది.

“సారు, ఆ లెక్కలో మొదటి దినమే నాకు లీవు ఇచ్చినట్టు ఒకతూరి వేసి చూపిండి.”

బాలచందర్ మీట నొక్కాడు. కొండ మాయమైంది. తెరమీద ఒకే ఒక్క చుక్క మిగిలింది. పాపం, గణితానికి ఆ సంగతి మొదటినుంచీ తెలుసు. దాన్ని ఎవరూ అడగలేదు.

తంగసామి ఆ చుక్కను చాలాసేపు పరీక్షగా చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఇది తప్పు లెక్క. దీంట్లో నేను లీవు ఇచ్చినట్టు ఉండాదే!”