రిటర్న్ బ్యాక్ కేసు

ఇంగ్లీషు భాషను కాపాడవలసిన బాధ్యత చిట్టచివరికి నీటి సరఫరా కార్యాలయం హెడ్ గుమాస్తాగారి భుజాల మీద పడింది!

ఈ సంగతి ఇంగ్లీషువాళ్ళకు ఎవరూ తెలియజేయలేదు గానీ, వీధిలో అందరికీ తెలుసు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా, ఇంటివాడి మీద ఫిర్యాదు చెయ్యాలన్నా ఆయన అరుగు మీదికే వచ్చేవారు. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని "విత్ రిఫరెన్స్ టు ది అబవ్" అని మొదలుపెట్టేవారు. పైన ఏమీ ఉండేది కాదు, తెల్ల కాగితమే! అయినా ఆ ముక్క పడితేనే ఉత్తరానికి ఊపిరి వచ్చినట్టుండేది. కుళాయిలో నీళ్ళు రాకపోతే ఆయన ఆఫీసుకు పెట్టుకోవలసిన అర్జీ కూడా జనం ఆయన చేతే రాయించుకునేవారు. మర్నాడు ఆఫీసులో దాన్ని ఆయనే అందుకుని, భాష చాలా బాగుందనుకుని, భద్రంగా పక్కన పెట్టేవారు.

వీధి ఆయనకు డ్రాఫ్టుగారు అని పేరు పెట్టింది. ప్రైమరీ స్కూలు హెడ్మాస్టరు సైతం, తల్లిదండ్రులకు పంపే నోటీసులు ఆయన చేత రాయించుకోవడానికి వెనక గుమ్మంలోంచి వచ్చేవారు. ముందు గుమ్మంలోంచి వస్తే హెడ్మాస్టరుకి ఇంగ్లీషు రాదనుకుంటారని ఆయన భయం.

ఇలా ఉండగా విద్యాశాఖవారికి ఉన్నట్టుండి ఒక అనుమానం వచ్చింది. ప్రైమరీ పిల్లలకు ఇంగ్లీషు చదవడం వస్తోందా? గ్రామరు తెలుస్తోందా? దాంతో మూడో తరగతి పిల్లలందరినీ పరీక్షించమని సర్క్యులర్ దిగింది. ఒక పేజీ పైకి చదవాలి. కాగితం మీద కొన్ని వాక్యాలిస్తారు, తప్పులుంటే దిద్దాలి. వెనకబడినవాళ్ళను బడి వదిలాక అదనపు తరగతిలో కూర్చోబెడతారు.

అదనపు తరగతి అన్నమాట వినేసరికి వీధి వీధంతా ఠారెత్తిపోయింది. పిల్లలకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, రాదని నలుగురికీ తెలిస్తేనే కష్టం! కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఒకరితో ఒకరు ఇంగ్లీషు ముక్కలు కలిపి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పాలవాడికి "థాంక్యూ" చెబితే అతను భయపడి బాకీ ఏమన్నా ఉందా అనడిగాడు.

డ్రాఫ్టుగారికి మాత్రం బెంగలేదు. ఆయన కూతురు చిట్టి మూడో తరగతే. "నా కూతురికి పరీక్షా? పరీక్షకే నా కూతురు పరీక్ష!" అని నలుగురిలో ప్రకటించి, సాయంత్రాలు దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"క్నైఫ్ అనమ్మా. మొదట్లోనే కె ఉంది, కనబడటంలా?"

"అది పలకదు నాన్నా. టీచరు చెప్పారు."

"పలకనప్పుడు అక్కడెందుకుంది?"

చిట్టి బుగ్గన వేలు పెట్టుకుని ఆలోచించింది. "మీ ఆఫీసులో పెద్దాయన ఏ పనీ చెయ్యరు, ఊరికే ముందు కుర్చీలో కూర్చుంటారు అన్నావుగా. అట్లాగేనేమో."

వంటింట్లోంచి నవ్వు వినిపించింది. "దానికి ఆ టీచరు బాగానే చెబుతోందండీ. ఉన్నదాన్ని మీరు పాడు చెయ్యకండి," అంది ఆయన భార్య.

"పాడు చెయ్యడమా! నా ఇంగ్లీషు వల్ల ఇంతవరకు ఒక్క ఫైలు పాడయిందా?"

అది నిజమే. కదలని ఫైలు పాడయ్యేదెలా?

పరీక్షనాడు డ్రాఫ్టుగారు ఆఫీసుకు సెలవు పెట్టి క్లాసు కిటికీ పక్కన నిలబడ్డారు. చిట్టి నదురూ బెదురూ లేకుండా పేజీ చదివేసింది. పరీక్ష పెట్టే ఆయన "వెరీ గుడ్" అన్నాడు. డ్రాఫ్టుగారు ఆ "వెరీ గుడ్" తనకే అన్నట్టు కిటికీలోంచి నమస్కారం పెట్టారు. తరవాత పిల్లల్లో చాలామంది వంచిన తల ఎత్తకుండా వాక్యాలు దిద్దారు. బయటికి రాగానే చిట్టి చేతిలోంచి ప్రశ్నపత్రం అందుకుని చదివిన డ్రాఫ్టుగారి మొహం నల్లబడింది.

మొదటి వాక్యం: "ది బాయ్ రిటర్న్డ్ బ్యాక్ ది బుక్." రెండోది: "వుయ్ డిస్కస్డ్ అబౌట్ ది గేమ్." మూడోది: "ఐ యామ్ హ్యావింగ్ టూ పెన్సిల్స్." ఆ వరస అంతా అంతే.

"తప్పులు దిద్దాలట! ఇందులో తప్పేదీ? నా సర్వీసంతా ఇవే రాశాను కదా!"

"నాన్నా, అదీ..." అంది చిట్టి.

"నువ్వుండమ్మా! నీ తప్పేం లేదు. నేను చెప్పినట్టే అన్నీ అట్లాగే వదిలేసి ఉంటావు. వదిలేస్తే సున్నా వేస్తారన్నమాట! చూస్తానీ సంగతి."

"అది కాదు నాన్నా..."

"ఉండమన్నానా!"

చిట్టి నోరు మూసుకుంది. అప్పటికే పక్కింటావిడా, ఎదురింటాయనా చేరారు. వాళ్ళ ముందు నాన్న మాట కాదనడం బాగుండదని దానికి తోచింది.

డ్రాఫ్టుగారు నేరుగా స్టాఫ్ రూముకు వెళ్ళారు. చిట్టికి పాఠం చెప్పే టీచరు కొత్తగా చేరిన పిల్ల, మెత్తగా మాట్లాడేది.

"రిటర్న్ అంటేనే తిరిగి ఇవ్వడం సార్," అందావిడ. "మళ్ళీ బ్యాక్ ఎందుకు? 'తిరిగి తిరిగి ఇచ్చాడు' అన్నట్టుంటుంది."

"మా ఆఫీసులో ఏదైనా తిరిగి తిరిగితేనే ఇస్తాం టీచరుగారూ! అందులో తప్పేముంది?"

ఆవిడకు నవ్వాగలేదు. అదే కొంప ముంచింది. ఆయన్ని చూసి ఇంగ్లీషు విషయంలో నవ్విన మనిషి అంతవరకు పుట్టలేదు!

హెడ్మాస్టరును పిలిపించారు. ఆయన ప్రశ్నపత్రం చూసి గుటకలు మింగారు. మొన్న ఆయన సంతకంతో ఇంటింటికీ వెళ్ళిన నోటీసులో "చీటీ చింపి రిటర్న్ బ్యాక్ చెయ్యండి" అనే ఉంది. ఆ నోటీసు ఎవరు రాశారో ఎదురుగానే ఉన్నారు.

"ఇందులో రెండు అభిప్రాయాలున్నాయమ్మా," అన్నారు హెడ్మాస్టరు తూకంగా. "ఒకటి పుస్తకాల్లో ఉన్నది. రెండోది వాడుకలో ఉన్నది. పెద్దలు వాడుతున్నప్పుడు మనం..."

"పిల్లలకు నేను పుస్తకంలోదే చెప్పాను సార్. చెప్పింది తప్పని ఎట్లా అనను?" అంది టీచరు.

ఆ సాయంత్రమే డ్రాఫ్టుగారు విద్యాధికారికి ఫిర్యాదు రాశారు. వీధిలో అందరి చేతా సంతకాలు పెట్టించారు. ప్రశ్నల్లో తప్పుందో ఒప్పుందో వాళ్ళకు తెలియదు. సంతకం పెట్టకపోతే తెలియదని తెలిసిపోతుంది! కనక పోటీలు పడి పెట్టారు.

విద్యాధికారిగారు ఆ ఫిర్యాదు చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. బిళ్ళ బంట్రోతును పంపి, పరీక్షల సర్క్యులర్ తెప్పించుకున్నారు. దాన్ని ఆయన స్వహస్తాలతో రాశారు. ఆఖరి పేరాలో "జవాబు పత్రాలన్నీ ఈ కార్యాలయానికి రిటర్న్ బ్యాక్ చేయవలెను" అని ఉంది. పై పేరాలో "డిస్కస్ అబౌట్" కూడా ఉంది.

ప్రశ్నపత్రం టీచర్లు తయారుచేశారు. సర్క్యులర్ అధికారి రాశారు. ప్రశ్నపత్రం ప్రకారం సర్క్యులర్ తప్పు. సర్క్యులర్ తప్పు కావడానికి వీల్లేదు. కాబట్టి ప్రశ్నపత్రంలో తప్పులే లేవు! ఆ వాక్యాలన్నీ నిర్దోషమైనవనీ, వాటిని దిద్దిన పిల్లలు తప్పు చేసినట్టు పరిగణించాలనీ, ఏమీ రాయకుండా వదిలేసినవారు విషయాన్ని పూర్తిగా గ్రహించినట్టు భావించాలనీ ఉత్తర్వు వెలువడింది.

వీధి వీధంతా డ్రాఫ్టుగారికి పూలదండ వేసింది. ఆయన దండ తియ్యకుండానే ఫలితాలు చూడటానికి స్కూలుకు వెళ్ళారు. గోడ మీద అంటించిన కాగితం ముందు జనం మూగారు. పరీక్షనాడు కిటికీలోంచి కాకిని చూస్తూ కూర్చున్న పిల్లకు గ్రామరులో పూర్తి మార్కులు! అంతసేపూ నిద్రపోయిన బుడతడికీ పూర్తి మార్కులే! అదనపు తరగతికి వెళ్ళవలసినవాళ్ళ వరసలో మొట్టమొదట చిట్టి ఉంది.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. చిట్టే.

"నువ్వు... దిద్దేశావా?"

"అన్నీ దిద్దాను నాన్నా. చెబుదామనుకున్నా. నువ్వు ఉండమన్నావుగా."

ఆయన దండ తీసి చంకలో పెట్టుకున్నారు.

మర్నాడు ఆఫీసులో ఎవరూ లేనప్పుడు, కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టిన లావుపాటి నిఘంటువును ఆయన బయటికి లాగారు. దుమ్ము దులిపి రిటర్న్ అన్న మాట చూశారు. టీచరు చెప్పిందే ఉంది. పేజీ తిప్పి, ఇంకెక్కడైనా బ్యాక్ దొరుకుతుందేమోనని వెతికారు. దొరకలేదు. కిటికీ రెక్క మాత్రం టపటపా కొట్టుకుంది.

ఆయన విద్యాధికారి దగ్గరకు పరుగెత్తారు. అధికారి లేచి నిలబడి చెయ్యి కలిపారు.

"మీలాంటివాళ్ళు ఉండబట్టే భాష బతికుందండీ!"

"అదేనండీ... ఆ బ్యాక్ విషయం. మళ్ళీ ఆలోచిస్తే, అది లేకపోయినా..."

అధికారి చిరునవ్వు మాయమైంది. "లేకపోయినా? ఎవరన్నారు?"

"ఎవరూ... మా పాప టీచరు."

"ఆ అమ్మాయి మీద చర్య తీసుకోమంటారా? కాగితం పెడతా, మీరు సంతకం చెయ్యండి."

టీచరును బయటపడెయ్యాలంటే ఒక్కటే దారి. "అయ్యా, ఆవిడే కరెక్టు, నాకే రాదు" అనాలి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. వచ్చి, అక్కడే నిలబడి, చుట్టూ చూసింది. పక్క కుర్చీల్లో గుమాస్తాలున్నారు. గుమ్మంలో బంట్రోతున్నాడు. వీధిలో తన పేరుంది. ఆ మాట వెనక్కి తిరిగి లోపలికి పోయింది.

"వద్దండీ, చిన్నపిల్ల. క్షమించెయ్యండి," అన్నారు.

"మీది పెద్ద మనసు! అయితే ఆ వెనకబడిన పిల్లలకు ఆవిడ చేత చెప్పిస్తే మళ్ళీ చెడగొడుతుంది. అదనపు తరగతి మీరే తీసుకోవాలి. కాదనకూడదు."

ఆయన కాదనలేదు.

మొదటిరోజు బడి వదిలాక టీచరు సుద్దముక్క ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. తరగతి నిండా పిల్లలు, బడిలో ఇంగ్లీషు గుక్క తిప్పుకోకుండా చదవగలిగినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. డ్రాఫ్టుగారు బోర్డు మీద "ది బాయ్ రిటర్న్డ్ బ్యాక్ ది బుక్" అని అందంగా రాశారు. ఆయన చేతిరాత నిజంగానే ముత్యాల కోవ.

చిట్టి లేచి నిలబడింది. స్కూల్లో నాన్నా అనొద్దని పొద్దున ఇంట్లోనే చెప్పి పంపారు.

"సార్, తప్పు కనబడినా కనబడనట్టు ఉండటం వచ్చేస్తే మమ్మల్ని ఇంటికి పంపించేస్తారా?"

పిల్లలంతా జవాబు కోసం చూశారు. చిట్టి ఎగతాళికి అడగలేదు, త్వరగా ఇంటికెళ్ళి ఆడుకోవాలని అడిగింది. ఆయన బోర్డు వంక చూశారు. డస్టరు చేతికందే దూరంలోనే ఉంది. వరండాలో చెప్పుల చప్పుడయింది. హెడ్మాస్టరు, ఆయన పక్కన విద్యాధికారి, వాళ్ళ వెనక ఎదురింటాయన, తరగతి ఎట్లా జరుగుతోందో చూద్దామని వస్తున్నారు.

డ్రాఫ్టుగారు గబగబా కూతురి బల్ల మీదికి వంగారు.

"తప్పేనమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "తప్పని నాకూ తెలుసు. మెల్లిగా మాట్లాడు, వాళ్ళు వింటారు."

తరవాత నిటారుగా నిలబడి, బెత్తంతో బోర్డు మీద టంగుమని కొట్టారు.

"ఊఁ! అందరూ గట్టిగా అనండి! రిటర్న్డ్ బ్యాక్!"