మంగతాయారు స్టోరేజీలో చోటు లేదు

కొత్తలంకలో కరెంటు పోతే మనుషులు సేవ్ చేసుకోని సంగతులన్నీ మరిచిపోతారు. దానికి ఎవరూ కంగారుపడరు. కరెంటు వచ్చాక పక్కింటివాళ్లను పేర్లడిగి, మళ్లీ పనుల్లో పడతారు.

అక్కడివాళ్ల తలలో రెండు చోట్లుంటాయి. ర్యామ్ వంటగట్టు లాంటిది. చేతిలో ఉన్న పనంతా దానిమీదే, కరెంటు పోగానే గట్టు ఖాళీ. స్టోరేజీ అటక లాంటిది. పైన పెట్టింది చీకట్లోనూ పదిలం. చంటిపిల్లలకీ తెలిసిన సంగతే. అయినా అందరూ ఒకే పొరపాటు చేస్తారు. పొద్దస్తమానం తలుచుకునేదాన్ని సేవ్ చెయ్యరు. కళ్లముందే ఉంది కదా, ఎక్కడికి పోతుందిలే అనుకుంటారు.

మంగతాయారూ అంతే. మొన్న మాఘంలో పోయిన తల్లి గొంతు, "తాయీ, అన్నం తిన్నావటే?" అనే గొంతు, అప్పట్నుంచి కరెంటు పోలేదు గనక ఇంకా ఆమె ర్యామ్‌లోనే తిరుగుతోంది. తీగల మీద పడుతున్న కొమ్మలు నరకడానికి శనివారం కరెంటు తీస్తామని ఆటోలో మైకు అరిచింది. అది వినగానే మంగతాయారు భర్త గోవర్ధనరావును వెంటబెట్టుకుని వార్డు మెమరీ ఆఫీసుకు పరుగెత్తింది.

ఆపరేటర్ అబ్బులు ఆమె తలకు వైరు తగిలించాడు.

"ఫుల్లండి, మేడం గారూ."

"అంత ఏముందండీ?"

"మావగారి మందుల టైములు, అయ్యగారి పాస్‌వర్డులు, ఎవరి టీలో ఎంత పంచదారో, ఆడపడుచు గారి అలకలు..."

"ఆ అలకలు తీసేద్దురూ, పుణ్యముంటుంది."

"అయ్యి సిస్టమ్ ఫైళ్లండి. తీసేత్తే మీ ఇల్లు ఆన్ అవదండి ఆయ్."

తీసెయ్యడానికి ఆమె సొంతవేవీ మిగల్లేదు. కాలవలో ఈత కొట్టిన రోజులు పెళ్లైన ఏడాదే డిలీట్ అయ్యాయి.

అబ్బులు గోవర్ధనరావు తల కూడా చూశాడు. అంతా ఖాళీ. ఆ ఊళ్లో మగవాళ్లవన్నీ ఆడవాళ్ల తలల్లోనే ఉంటాయి కాబట్టి అబ్బులు ఆశ్చర్యపోలేదు.

"దానికేం, నాలో పెట్టెయ్యండి," అన్నాడు గోవర్ధనరావు. మంచి మనిషే. సేవ్ అయింది. ఆ గొంతు ఆయన దగ్గరుందని చెప్పే చిన్న షార్ట్‌కట్ ఒకటి, ఎలాగో ఇరికించి, ఆమె తలలో పెట్టారు.

శనివారం కరెంటు పోయింది, వచ్చింది.

"ఏవండీ, మా అమ్మ నన్నెలా పిలిచేది? ఒక్కసారి వినిపించరూ?"

గోవర్ధనరావు నిజంగానే వెతికాడు. పాపం, చెమటలు పట్టాయి.

"ఉందే, నాలోనే ఉంది. ఎక్కడ పెట్టానో..." అని ఎప్పటిలాగే ఆమె వైపు చూశాడు. "నీకు తెలియాలి కదా?"

నిజమే, తనకే తెలియాలి అనుకుంది మంగతాయారు. ఇంతలో మావగారి మాత్ర వేళైంది. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని అటు వెళ్లింది.