టేపు చెప్పిన వేగం

ఆ రోజు పొద్దున్న టైలరు మాస్టరు పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ తాగడం, బావమరిది కొనిచ్చిన, వేగం చూపించే మీటరును సైకిలుకు బిగించుకోవడం, ఊరి చివర తిన్నటి రోడ్డు మీద కాసేపు తొక్కి వచ్చి దుకాణం తెరవడం. ఇందులో కొంప మునిగే సంగతి ఏదీ భూతద్దం పెట్టి వెతికినా కనిపించదు.

సైకిలు తొక్కమన్నది డాక్టరు. "రోజంతా మిషను ముందు కూర్చుంటే ఒంట్లో చక్కెర పెరగక ఇంకేం పెరుగుతుంది?" అని చీవాట్లు పెట్టాడు. మాస్టరు బుద్ధిగా మొదలుపెట్టాడు గానీ, వారం తిరక్కుండానే మనసు విరిగిపోయింది. పాలవాడు దాటిపోయాడు, పేపరువాడు దాటిపోయాడు, చివరికి పరుగెత్తుతున్న ఒక ముసలాయన కూడా "కాస్త పక్కకు నాయనా" అంటూ దాటిపోయాడు. బావ మొహం చూడలేక, బీమా ఆఫీసులో పనిచేసే బావమరిది ఈ మీటరు తెచ్చాడు. అంకె కళ్ళముందు కనిపిస్తే హుషారు పుడుతుందని అతని ఆశ.

"నా ఆరోగ్యం గురించి ఇంత ఆలోచించే బావమరిది దొరకడం నా అదృష్టమే" అని మాస్టరు భార్య దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. ఆయనది కృతజ్ఞత చెప్పేటప్పుడు కళ్ళు తుడుచుకునే తత్వం.

మీటరు పనిచేయాలంటే చక్రం చుట్టుకొలత అందులో ఎక్కించాలి.

"సైకిలు షాపతన్ని అడిగి పెట్టించనా బావా?"

"నడుముల చుట్టూ టేపు తిప్పీ తిప్పీ ముసలైన చెయ్యిరా ఇది! చుట్టుకొలత కోసం నేను ఇంకొకడి గుమ్మం ఎక్కాలా?"

మాస్టరు మెడలోని టేపు తీసి టైరు చుట్టూ ముచ్చటగా తిప్పాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆయన చేతికి ఒక అలవాటు ఉంది. కొలతకని ఎవరైనా పాత ప్యాంటు ఇస్తే దాన్ని బల్ల మీద పరిచి, నడుము ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచి, కింద ఇంకో పొర ఉంది కనుక వచ్చిన అంకెను రెండింతలు చేస్తాడు. ఆ చెయ్యి టైరుకూ అదే మర్యాద చేసింది. పైగా ఎండకు రబ్బరు సాగుతుందేమోనని నాలుగు వేళ్ళ వదులు కూడా కలిపింది. మీటరు పాపం ఎదురు చెప్పే రకం కాదు. చక్రం ఒకసారి తిరిగితే రెండుసార్లు తిరిగినట్టు లెక్క కట్టడం మొదలుపెట్టింది.

మొదటి రోజే మీటరు గంటకు ముప్ఫై ఆరు కిలోమీటర్లు చూపించింది. మాస్టరు ఆనందం పట్టలేక మర్నాడు చీకటితోనే లేచాడు. ఆ మర్నాడు ఇంకా ముందు లేచాడు. నిజంగానే కాళ్ళలో సత్తువ వచ్చింది, పొట్ట తగ్గింది, అంకె పెరిగింది. ఒకనాడు పళ్ళు బిగించి తొక్కితే యాభై ఎనిమిది కనబడింది.

"యాభై ఎనిమిదే! కొండ లేదు, పల్లం లేదు, చదును రోడ్డు మీద!" అని ఇంట్లోకి వస్తూనే అరిచాడు.

ఆయన భార్య ఒకసారి ఆయన వంకా, ఒకసారి గోడకు ఆనించిన సైకిలు వంకా చూసింది. "మంచిదేనండీ. టీ చల్లారిపోతోంది" అంది.

ఇంట్లో చల్లారిన వార్త బయట రాజుకుంది. బావమరిది ఆఫీసులో చెప్పాడు. ఆఫీసు వాళ్ళు తలో చోటా చెప్పారు. ఊళ్ళో సైకిలు క్లబ్బు ఒకటుంది. అందులో అందరికన్నా వేగంగా తొక్కేవాణ్ణి 'బాణం' అంటారు. ఆ బాణం ఒక సాయంత్రం నేరుగా దుకాణంలోకే దిగాడు.

"మాస్టరుగారూ, ఏమీ అనుకోకండి. చదును రోడ్డు మీద మామూలు మనిషి ప్రాణం పెట్టి తొక్కితే ముప్ఫై, మహా అయితే నలభై. నేను ఇన్నేళ్ళు తొక్కి యాభై దాటడానికే చచ్చిపోతున్నాను. ప్రపంచంలో పేరుమోసిన వాళ్ళు డెబ్బై దాకా పోతారు, అదీ కొద్ది క్షణాలే. మీరేమో యాభై ఎనిమిది అంటున్నారు. వెనకనుంచి గాలేమైనా తోసిందా?"

"ఆకు కదల్లేదు బాబూ."

"మరి మీటరులో చక్రం కొలత తప్పేమో?"

దుకాణంలో కత్తెర చప్పుడు ఆగిపోయింది. మాస్టరుకు మేడలూ మిద్దెలూ లేవు. ఉన్నదల్లా కొలత తప్పని చెయ్యి అన్న పేరు. కుట్టిన బట్ట ఏదీ దిద్దమని ఇంతవరకు తిరిగి రాలేదు. ఆ పేరు మీదే తిండి, ఆ పేరు మీదే నిద్ర.

"ఆ కొలత తీసింది నేను" అన్నాడు మాస్టరు. "నా టేపు తప్పని తేలితే మళ్ళీ కత్తెర ముట్టుకోను. ఆదివారం పొద్దున్నే రండి, మీతో పోటీగా తొక్కి చూపిస్తాను."

బాణం దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఊరంతా ఆదివారం కోసం ఎదురుచూడసాగింది.

శనివారం పొద్దున్న మాస్టరు ఎవరిదో ప్యాంటు బల్ల మీద పరిచాడు. నడుము కొలిచాడు. రెండింతలు చేశాడు. సుద్ద పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మెల్లగా తల తిప్పి సైకిలు వైపు చూశాడు. వెళ్ళి టైరును మళ్ళీ కొలిచాడు. ఆ తర్వాత ముక్కాలిపీట మీద కూలబడ్డాడు.

యాభై ఎనిమిదిలో సగం ఎంతో మీకూ నాకూ చెప్పక్కర్లేదు.

తప్పించుకునే దారులు వెతికాడు. మోకాలు పట్టేసిందని బావమరిదితో అన్నాడు. అతను గంటలో నొప్పుల నూనెతో తిరిగొచ్చి, స్వయంగా కూర్చుని రెండు మోకాళ్ళూ మర్దనా చేశాడు. ఇక లాభం లేదని మాస్టరు ఎవరూ చూడకుండా రెండు టైర్లకూ గాలి తీసేశాడు. "పోటీ ముందు రోజు పంక్చరా! ఎవరి కుళ్ళో ఇది!" అని బావమరిది మండిపడి, తన డబ్బుతో కొత్త టైర్లు వేయించి, గొలుసుకు నూనె కూడా పెట్టించాడు. సైకిలు పుట్టి బుద్ధెరిగాక అంత తేలిగ్గా ఎప్పుడూ తిరగలేదు. మంచి బంధువులున్న మనిషికి పారిపోవడం ఎంత కష్టమో మాస్టరుకు ఆ రోజు తెలిసింది.

ఆదివారం తిన్నటి రోడ్డుకు రెండు పక్కలా జనం. మాస్టరు ఎటు చూసినా తాను కుట్టిన చొక్కాలే, తాను కుట్టిన ప్యాంట్లే. ఆయన ముఖం చాటేయలేక హ్యాండిలు మీదకు వంగాడు. రోడ్డు చివర క్లబ్బు వాళ్ళు వేగం కొలిచే యంత్రం పట్టుకుని నిలబడ్డారు.

ఈల మోగింది. ఒకటి మాత్రం చెప్పాలి, మాస్టరు మోసం చేయలేదు. ఎలాగూ పోయే పరువే కదా అని ఒళ్ళు దాచుకోకుండా తొక్కాడు. బాణం మాత్రం పేరుకు తగ్గట్టే దూసుకుపోయి, అవతల సైకిలు దిగి, సగం సీసా నీళ్ళు తాగాక మాస్టరు వచ్చాడు.

"ఇరవై తొమ్మిది!" అని యంత్రం పట్టుకున్నతను అరిచాడు.

మాస్టరు సైకిలు దిగి, ఆయాసం తీర్చుకుని, చేతులు జోడించాడు. "తప్పు నాదే. మడత బట్ట అనుకుని రెండింతలు చేశాను. పైన వదులు కూడా కలిపాను. మాటంటే మాటే, రేపటినుంచి కత్తెర పట్టను. మీ బట్టలు మీరు తీసుకెళ్ళి మంచి చెయ్యి చూసి కుట్టించుకోండి."

జనంలోంచి మొదట పోస్టుమాస్టరు ముందుకొచ్చాడు. "మాస్టరుగారూ, మీ వదులు సంగతి మాకేం కొత్త కాదండీ."

"అంటే?"

"ఈ ప్యాంటు మీరిచ్చిన రోజు ఇందులో నేనూ మా తమ్ముడూ కలిసి పట్టేవాళ్ళం." జనంలో నవ్వులు మొదలయ్యాయి. "మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు అడక్కుండానే ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టి గుమ్మంలో పెట్టి వెళ్ళారు మీరు. అలాంటి మనిషితో నడుము వదులని ఏ నోటితో చెప్పమంటారు? మీ ఇంటి వెనక గుమ్మానికి వెళ్తే అమ్మగారు బిగించి ఇచ్చేవారు."

"మేమూ అంతే!" "మా ఇంటిల్లిపాదివీ అమ్మగారే!" అంటూ రోడ్డుకు రెండు పక్కలనుంచీ గొంతులు లేచాయి.

మాస్టరు, జనంలో నిలబడ్డ భార్య వైపు తిరిగాడు. "ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా అనలేదేమే?"

"అంటే ఏం చేసేవారు? భయపడి బిగుతుగా కుట్టేవారు. వదులైతే నేను బిగించగలను. బిగుతైతే ఎవరు సాగదీస్తారు?"

"మరి మీటరు?"

"కొలిచింది మీరని తెలుసు కనుకే సగం తీసేసి విన్నాను. అయినా ఆ అంకె కోసమే కదా రోజూ లేస్తున్నారు! మొన్న డాక్టరు చక్కెర దిగిందన్నాడు. నాకు అది చాలు. తప్పో ఒప్పో, ఆ మీటరుకు నేను దండం పెట్టుకుంటాను."

కొలత తప్పని చెయ్యి అన్న పేరు తనకు ఎప్పుడూ లేదని మాస్టరుకు అప్పుడు అర్థమైంది. దాన్ని పోగొట్టుకుంటానన్న భయంతో నిన్నటినుంచి అన్నం సహించలేదు. ఉన్న పేరు వేరే ఏదో, దాన్ని ఇంతమంది కలిసి ఇన్నేళ్ళుగా కాపాడుతున్నారు. భార్య చెయ్యి పట్టుకుని, అంతమందిలో, మామూలుగానే కళ్ళు తుడుచుకున్నాడు.

బాణం దగ్గరికొచ్చి, "మీ వయసుకు ఇరవై తొమ్మిది తక్కువేం కాదండీ. మా క్లబ్బు బట్టలు మీ దుకాణంలోనే కుట్టించుకుంటాం" అన్నాడు. కాస్త ఆగి, "మావి ఒంటికి అతుక్కుని ఉండాలి, అందుకని..." అంటూ ఆవిడ వైపు చూశాడు.

ఇప్పుడు ఆ దుకాణంలో కొలత, కత్తెర ఆవిడవి, మిషను ఆయనది. కుట్టిన బట్టలు ఆయనే సైకిలు మీద ఇంటింటికీ చేరవేస్తాడు. ఎంతసేపట్లో వస్తారని మాత్రం ఎవరైనా ఆవిడనే అడుగుతారు.