ఎర్ర ప్యాకెట్ పెట్టిందెవరు?

ఆ మంగళవారానికి జియెన్ యూ-హాన్ వేసుకున్న ప్రణాళిక చిన్నది. ఎనిమిదిన్నరకు ఆఫీసు, యంత్రంతో ఆఖరిసారి లెక్క, పదకొండింటికి అక్కడికే వచ్చే పార్లమెంటు సంఘం ముందు నివేదిక. జలసంధికి ఎదుటి ఒడ్డున ఉన్న పెద్ద దేశం ఏటేటా సముద్రంలోకి దించుతున్న కొత్త యుద్ధనౌకలు ఈ ప్రాంతపు బలాబలాలను మార్చగలవా, లేవా? తైపేలోని నౌకా పరిశోధన సంస్థలో రెండేళ్లుగా ఆమె పని అదే. నెలాఖరుకు ఉద్యోగ ఒప్పందం ముగుస్తుంది. నివేదిక నచ్చితే మూడేళ్లు పొడిగింపు. నచ్చకపోతే తైచుంగ్‌లో అక్క నడిపే ట్యూషన్ సెంటర్.

యంత్రాల గది తలుపు తీసి ఆమె అక్కడే నిలబడిపోయింది.

సాగర యుద్ధాలను లెక్కగట్టే పెద్ద కంప్యూటర్ మీద ఎర్ర ప్యాకెట్ ఉంది.

ఉండాల్సింది ఆకుపచ్చది, కొబ్బరి రుచి మొక్కజొన్న చిరుతిండి. అది నెత్తిన ఉన్నంతకాలం యంత్రం బుద్ధిగా పనిచేస్తుంది. ఎర్రది పెడితే ప్రమాద దీపం వెలిగించినట్టే. తైపేలో బ్యాంకుల నుంచి ఆసుపత్రుల దాకా ఈ పద్ధతిని ఎవరూ నమ్మరు, ఎవరూ మానరు.

"ఔయాంగ్ అన్నా! ఒకసారి ఇటు రా!"

భద్రతాధికారి ఔయాంగ్ ముప్ఫయ్యేళ్లు యుద్ధనౌకల్లో పనిచేసి వచ్చినవాడు. సొంత నీడ వెంట వస్తున్నా, ఎందుకొస్తున్నావని నిలదీసే రకం.

"నిన్న గదికి తాళం వేసిందెవరు?"

"నేనే."

"పొద్దున తీసింది?"

"నేనే."

"మరి నిన్నెందుకు అనుమానించకూడదో చెప్పు."

"యంత్రం చెడితే నా ఉద్యోగమే కదన్నా పోయేది!"

"దొరికినవాళ్లంతా అదే అంటారమ్మాయ్."

డైరెక్టర్ తెంగ్ పరుగున వచ్చి, ముందు లెక్క నడిపి చూడమన్నాడు. తెర మీద జవాబు వచ్చింది: బలాబలాలు మారతాయి. అవసరమైతే ఎదుటి ఒడ్డు నౌకలన్నీ రెండు గంటల్లో సముద్రంలో ఉంటాయి.

"గత వారం మారవంది కదా?" అన్నాడు తెంగ్ చెమట తుడుచుకుంటూ.

"నిన్న కొత్త నౌకల సంఖ్య చేర్చాను సార్. అందువల్ల కావచ్చు."

"కావచ్చు. లేదా ఇది లోపలివాళ్ల పని కావచ్చు" అన్నాడు ఔయాంగ్. "సార్, తలుపులు మూయిస్తాను. లోపలివాళ్లు బయటికి వద్దు, బయటివాళ్లు లోపలికి వద్దు. ఫోన్లన్నీ ఇలా ఇవ్వండి."

ఫోన్లన్నీ ఒక బిస్కెట్ డబ్బాలోకి చేరాయి. అప్పుడే ఎవరో తలుపు కొట్టారు. శుభ్రం చేసే చువాంగ్ పిన్ని.

"సార్, ఒక్క మాట..."

"విచారణ జరుగుతోంది! తర్వాత రా!"

ఆమె నేల తుడిచే కర్ర పట్టుకుని వరండా బల్ల మీద కూర్చుంది. లోపల పదకొండు మంది ఒకరి సంచీ ఒకరు వెతుక్కున్నారు.

పదిన్నరకు సంఘం అధ్యక్షురాలు యెన్ సూ-యిన్ ముందుగానే వచ్చింది. గేటు మూసి ఉంది. లోపల ఔయాంగ్, పాత నౌకాదళపు ఇనుపటోపీ పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం జరుగుతోందయ్యా?"

"చెప్పే అనుమతి లేదు మేడమ్."

"ఎదుటి ఒడ్డు సంగతేనా?"

"అవునని అనలేను మేడమ్. కాదని కూడా అనలేను."

యెన్ సూ-యిన్ మొహం పాలిపోయింది. ఆమెను గెలిపించింది చేపల రేవు. తమ్ముడు అక్కడి మత్స్యకారుల సంఘానికి పెద్ద. ప్రధానమంత్రి కంటే ముందు అతనికే ఫోన్ చేసింది.

"తమ్ముడూ, పడవలన్నీ వెనక్కి పిలు. ఎందుకని అడక్కు."

"ఆకాశం అద్దంలా ఉందక్కా! చేప ఇప్పుడే పడుతోంది."

"అడక్కన్నానా?"

ఇరవై నిమిషాల్లో నాలుగు వందల పడవలు ఒక్కసారిగా రేవువైపు తిరిగాయి. తుఫాను లేదు, మబ్బు తునక కూడా లేదు. ఎదుటి ఒడ్డున రాడార్ ముందు కూర్చున్నవాళ్లకు అనుమానం వచ్చింది. వీళ్లకు తెలిసి మనకు తెలియనిదేమిటి? ఎందుకైనా మంచిదని వాళ్ల యుద్ధనౌకలు బయలుదేరాయి. టీవీలన్నీ ఆ దృశ్యమే చూపించాయి. దేశంలో ఆ వార్త తెలియని చోటు ఒక్కటే, ఆ నౌకలను గమనించడానికే పెట్టిన సంస్థ.

రెండింటికి ఆకలికి తట్టుకోలేక తెంగ్ తలుపు తీయించాడు. చువాంగ్ పిన్ని లోపలికొచ్చింది.

"ఎర్రది నేనే పెట్టాను సార్. పాతదాని గడువు నిన్నటితో అయిపోయింది. కొట్లో ఆకుపచ్చవి లేవు. బోసిగా వదిలేయడం ఎందుకని పెట్టా. నా దగ్గరా ఓ తాళంచెవి ఉందిగా."

తెంగ్ ఎర్ర ప్యాకెట్ చేతిలోకి తీసుకుని గడువు తేదీ చూశాడు.

"ఇంతకీ నా ఫోన్లో చూశా, టీవీవాళ్లు యుద్ధం వస్తోందంటున్నారు. నేను ఇంటికెళ్లొచ్చా?"

అందరూ బిస్కెట్ డబ్బా మీద పడ్డారు. యూ-హాన్ మాత్రం సముద్రంలో నౌకల కదలికలు చూపే తెర వైపు పరిగెత్తింది. కదలిక మొదలై మూడు గంటలు గడిచినా ఎదుటి ఒడ్డు నౌకల్లో మూడో వంతే బయటికొచ్చాయి. వాటిలోనూ చెడిపోయిన రెండింటిని వేరే నౌకలు లాక్కెళ్తున్నాయి. ఆమె కాగితం తీసుకుని గబగబా రాసింది.

సాయంత్రానికి పడవలు మళ్లీ వేటకు వెళ్లాయి, యుద్ధనౌకలు గూటికి చేరాయి. నాలుగున్నరకు సంఘం కూర్చుంది.

"మీ యంత్రం రెండు గంటలంది. తప్పు కదా?" అంది యెన్ సూ-యిన్, అనుమానంగా.

"తప్పే మేడమ్. దానికి నౌకల సంఖ్య తెలుసు, నడిపేవాళ్ల అనుభవం తెలియదు. ఈ రోజుకైతే ఆ నౌకలు బలాబలాలను మార్చలేవు. ఐదేళ్ల తర్వాత ఇదే మాట అనమంటే అనలేను."

సభ్యులు మొహమొహాలు చూసుకున్నారు. ఎవరికీ నచ్చినట్టు లేదు. యూ-హాన్‌కు తైచుంగ్ కళ్లముందు కనిపించింది.

అంతలో గుమాస్తా ఓ కాగితం తెచ్చాడు. ఎదుటి ఒడ్డు పరిశోధన సంస్థ అప్పుడే విడుదల చేసిన ప్రకటన. "మబ్బు లేని ఆకాశం కింద, ఏ సంకేతమూ మాకు చిక్కకుండా, ఇరవై నిమిషాల్లో నాలుగు వందల పడవలను వెనక్కి రప్పించారు. ఆ ద్వీపం చేతిలో మాకు తెలియని కొత్త శక్తి ఉంది. ప్రాంతీయ బలాబలాలు వాళ్లవైపు మొగ్గాయని భావించాలి."

యెన్ సూ-యిన్ రెండుసార్లు చదివింది. తమ్ముడికి చేసిన ఫోన్ గుర్తొచ్చిందేమో, కాగితాన్ని మడిచి చేతిసంచీలో పెట్టుకుంది.

"దీని మీద లోతైన పరిశోధన జరగాలి" అంది గంభీరంగా. "రహస్యంగా."

యూ-హాన్ ఒప్పందం ఆ సాయంత్రమే మూడేళ్లు పొడిగించారు. కొత్త అంశం: మన పడవలు అంత వేగంగా ఎలా తిరిగొచ్చాయి? జవాబు తెలిసినవాళ్లంతా, యెన్ సూ-యిన్, ఆమె తమ్ముడితో సహా, ఆ పరిశోధనను పర్యవేక్షించే సంఘంలో సభ్యులు.