కరుణాకరం పార పట్టిన రోజు

చంద్రశేఖరపురం దగ్గరి ఓ పల్లెలో, రిటైరైన గుమాస్తా కరుణాకరం ఆ రోజు తెల్లవారకముందే లేచి, భార్య మగ్దలీనమ్మకు మెలకువ రాకుండా పార, గడ్డపార, గొడ్డలి తీసుకొని బయలుదేరాడు. మర్నాడు ఆయన తల్లి జ్ఞాపకార్థ కూడిక. సమాధి చుట్టూ ముళ్లకంప పెరిగిపోయింది. కూలివాళ్లను పెడదామని మగ్దలీనమ్మ అంటే ఆయన ఒప్పుకోలేదు. కూలికి పోయి చదివించిన ఆ తల్లి, బతికున్నన్నాళ్లూ కొడుకును పార ముట్టనివ్వలేదు. ఒక్కరోజైనా అమ్మ కోసం చెమటోడ్చాలని ఆయన కోరిక. అరవై దాటాక పుట్టిన కోరిక కాబట్టి కాస్త మొండిది.

వీధి మలుపులో బావమరిది వరసయ్యే సత్యానందం ఎదురయ్యాడు.

"యాడికి బావా, పొద్దున్నే పారతో?"

"సమాధుల తోటకు. ఎవరికీ చెప్పొద్దులే," అన్నాడు కరుణాకరం. భార్యకు తెలిస్తే వెనక్కి లాక్కుపోతుందని ఆయన భయం.

ఆ పల్లెలో ఒక పద్ధతుంది. ఎవరైనా పోతే ఇంటికొక మగమనిషి పార పట్టుకొని గొయ్యి తవ్వడానికి వెళ్లాలి. పిలిచేదాకా ఆగితే నామోషీ. పాపం, బావ ఒక్కడే పోతున్నాడని సత్యానందం పార కోసం ఇంటికి పరుగెత్తాడు. దారిలో కనబడ్డ పైవీధి విశ్వాసానికి చెప్పాడు, ఎవరికీ చెప్పొద్దని. విశ్వాసం కూడా అదే మాట మీద పైవీధి, కిందివీధి మొత్తానికీ చెప్పాడు.

కరుణాకరం నాలుగు కొమ్మలు నరికేసరికి తోట నిండా పారలు దిగాయి. అయ్యో, ఎవరో పోయారు! అడుగుదామని నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. గొయ్యి తవ్వే చోట నిలబడి 'ఎవరు' అంటే, ఊళ్లో ఉంటూ ఇంతవరకూ తెలియలేదా అని చూస్తారు. కిందివీధివాళ్లు పోయింది పైవీధి మనిషనుకున్నారు. పైవీధివాళ్లు కిందివీధి మనిషనుకున్నారు. కరుణాకరం తన కంపను వదిలేసి అందరికంటే ముందు తవ్వకం మొదలుపెట్టాడు.

"నువ్వు పక్కకు రా బావా, చేతులు బొబ్బలెక్కుతాయి," అన్నాడు సత్యానందం.

"ఎక్కనీలే. కష్టమొచ్చినప్పుడు చూస్తా కూర్చుంటామా?"

నేలంతా రాయి. మధ్యాహ్నానికి గొయ్యి సిద్ధమైంది. ఆడవాళ్లు మజ్జిగ కుండతో వచ్చి, ఎవరికోసమో తెలియకుండానే కళ్లొత్తుకున్నారు. ఎంత చూసినా శవం రాలేదు. చివరికి మగ్దలీనమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"ఇంతకీ పోయింది ఎవరు?"

సత్యానందం విశ్వాసాన్ని చూశాడు. విశ్వాసం సత్యానందాన్ని చూశాడు.

"మాకేం తెలుసక్కా? ముందొచ్చింది బావే కదా!" అన్నాడు సత్యానందం.

గోతిలోంచి కరుణాకరం తల పైకి లేచింది.

"నేను మా అమ్మ దగ్గర కంప కొట్టేదానికి వచ్చినా. మీరంతా ఎందుకొచ్చినారు?"

ముందు మగ్దలీనమ్మ నవ్వింది. ఆ తర్వాత ఎవరినీ ఆపడం కుదరలేదు.

"ఖాళీ గొయ్యి తెరిచి పెట్టకూడదు. పూడ్చేద్దాం పట్టండి," అన్నాడు సత్యానందం.

"ఎవరూ ముట్టొద్దు!" అని అరిచాడు కరుణాకరం. "నా వల్ల తవ్వినారు, నేనే పూడుస్తా."

ఒక్కడే పూడ్చాడు. ఆగి ఆగి, మూలిగి మూలిగి పూడ్చాడు. ఆ తర్వాత అమ్మ సమాధి చుట్టూ ఒక్క ముల్లు లేకుండా చేశాడు. పొద్దుగూకే వేళకు సమాధి పక్కన చతికిలబడ్డాడు. అరచేతులు మండుతున్నాయి, మనసు మాత్రం హాయిగా ఉంది. జీతం తీసుకున్న ఏ రోజూ ఆయనకు ఇంత తృప్తి కలగలేదు.

ఇంట్లో మగ్దలీనమ్మ ఆయన చేతులకు కొబ్బరినూనె రాసి, తనే అన్నం కలిపి పెట్టింది.

"కూలోళ్లను పెట్టుంటే సరిపోయేది కదయ్యా."

"అప్పుడీ ఆకలి వాళ్లకయ్యేది. ఇంకో ముద్ద పెట్టు. మా అమ్మ రోజూ ఇంత ఆకలితోనే ఇంటికొచ్చేదేమో!"

మగ్దలీనమ్మ ఇంకా పెద్ద ముద్ద కలిపింది.

మర్నాడు ఒళ్లు హూనమై, బారెడు పొద్దెక్కినా కరుణాకరం మంచం దిగలేదు. మగ్దలీనమ్మ తలుపు తీసేసరికి, వాకిట్లో సత్యానందం పార పట్టుకొని కళ్లొత్తుకుంటూ నిలబడి ఉన్నాడు.